లాకు పిడి: బకింగ్‌హాం కాలువను మళ్లీ నిలబెట్టడం గురించి



ఈ బల్ల మీద ఉన్న ఇనుప పిడిని చూడండి. ఇది ఇవాళ మనం తలచుకుంటున్న, మీకు అక్షరాలు దిద్దించిన మాస్టారిది. అంతకుముందు వాళ్ల నాన్నగారిది. ఇంకా ముందు సర్కారుది. లాకు గోడలోని తూము షట్టరును ఎత్తడానికీ దించడానికీ దీన్ని మర తలకు తగిలించి తిప్పేవారు. మాస్టారి నాన్నగారు మన ఊరి లాకు తలుపులు తిప్పే లస్కరు. పడవలు ఆగిపోయి, లాకు తలుపుల టేకు చెక్కలు ఒక్కొక్కటే మాయమవుతున్న రోజుల్లో ఆయన దీన్ని ఇంటికి తెచ్చి అటక మీద దాచారు. ‘‘పైనుంచి ఎప్పుడో ఒకప్పుడు అడుగుతారు, అప్పుడు లేదని చెప్పకూడదు’’ అని కొడుకుతో అన్నారట. ఎవరూ అడగలేదు. లస్కరు పోయారు. ఆయన కొడుకు బడిపంతులై, పదవీ విరమణ కూడా చేశాక, ఒక సాయంత్రం దీన్ని నా చేతిలో పెట్టి, ‘‘కాలువల శాఖలో పనిచేసినవారు మీరు. ఇది మీ దగ్గర ఉండటం న్యాయం’’ అన్నారు.

ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ అడగకపోవడం గురించే.

పెద్దవాళ్లకు కాలువ గురించి చెప్పక్కర్లేదు. వెనక వరసల్లో పిల్లలున్నారు. వాళ్లు చూసిన కాలువ వేరు. గట్ల నిండా సర్కారు తుమ్మ, మధ్యలో మోకాల్లోతు నీళ్లు, ఆ నీళ్లలోకి దిగిన రొయ్యల చెరువుల పైపులు. వాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్తాను.

కృష్ణ నీళ్లు తీసుకుని దుగ్గిరాల, సంగం జాగర్లమూడి మీదుగా దిగివచ్చే కొమ్మమూరు కాలువ పెద్దగంజాం దగ్గర ముగుస్తుంది. అక్కడి నుంచి దక్షిణంగా మొదలయ్యేది బకింగ్‌హాం కాలువ. ఒంగోలు తీరం, నెల్లూరు తీరం, కృష్ణపట్నం, దుగరాజపట్నం, పులికాట్ సరస్సు, శ్రీహరికోట దీవి పక్కనుంచి ఎన్నూరు, మద్రాసు నగరం దాటి తమిళనాడులోని మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు పోతుంది. అందులో దాదాపు 257 కిలోమీటర్లు మన రాష్ట్రంలోనే ఉంది. కొమ్మమూరుకు ఎగువన విజయవాడ నుంచి ఏలూరు కాలువ, ధవళేశ్వరం నుంచి కాకినాడ కాలువ కలిస్తే, కాకినాడలో పడవ ఎక్కినవాడు సముద్రం మీదికి పోకుండా పుదుచ్చేరి దాపుల దాకా వెళ్లగలిగిన దారి అది.

ఎగువ కాలువలకూ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. దాన్ని పట్టించుకోకుండా చేసిన ఆలోచనలన్నీ తర్వాత తడబడ్డాయి. ఏలూరు కాలువ, కొమ్మమూరు కాలువ నదుల నీళ్లతో పారతాయి. వాటి మొదటి పని పొలాలకు నీళ్లివ్వడం. బకింగ్‌హాం మాత్రం చాలావరకు ఆటుపోట్ల మీద బతికే ఉప్పునీటి కాలువ. సముద్రానికి సమాంతరంగా, తీరానికి దగ్గరగా, ఉప్పుటేళ్లనూ కయ్యలనూ ఒకదానితో ఒకటి కలుపుతూ తవ్వినది. పోటు వచ్చినప్పుడు ఏటి మొగల గుండా నీళ్లు లోపలికి వస్తాయి. ఆటు తీసేటప్పుడు అవి వెళ్లిపోకుండా లాకు తలుపులు మూసి లోతు నిలబెట్టాలి. వానాకాలంలో పడమటి నుంచి ఏరు పొంగి వస్తే ఆ వరదను తీసి సముద్రంలోకి వదలాలి. పోటు వేళలు రోజురోజుకూ జరుగుతుంటాయి. కాబట్టి లస్కరు వేళలూ జరిగేవి. అర్ధరాత్రి రెండింటికి పోటు తిరిగితే అర్ధరాత్రి రెండింటికి ఆయన లేవాలి. మాస్టారు చిన్నప్పుడు నిద్రలో వినే శబ్దం ఈ పిడి మర తల మీద పడే చప్పుడేనట. ఆ చప్పుడు వినబడిన రాత్రి నాన్న ఇంట్లో లేడనీ, లాకు దగ్గర ఉన్నాడనీ అర్థం.

పడవల మాట కూడా చెప్పాలి. గాలి అనుకూలిస్తే తెరచాప, లేకపోతే గడ, అదీ సాగకపోతే గట్టు మీద నడుస్తూ తాడు లాగడం. శ్రీహరికోట అడవుల నుంచి, నెల్లూరు తీరపు తోపుల నుంచి వంటచెరకు ఈ కాలువ మీదే మద్రాసు పొయ్యిల్లోకి వెళ్లింది. కొటార్ల ఉప్పు, డెల్టా ధాన్యం, సున్నం బట్టీలకు గుల్ల అలాగే వెళ్లాయి. తిరుగు పడవల్లో పట్నం సరుకు వచ్చేది. లాకు దగ్గర వంతు కోసం ఆగిన పడవల్లో పొయ్యిలు వెలిగేవనీ, సరంగులు పిల్లల్ని పిలిచి వేయించిన చేపముక్క చేతిలో పెట్టేవారనీ మాస్టారు చెప్పేవారు. ఆయన భూగోళం పాఠం ఆ రేవులోనే మొదలైందేమో. మీకు తీరరేఖ గీయడం నేర్పినప్పుడు పటంలో సముద్రం గీత పక్కనే ఇంకో సన్నటి గీత గీయించేవారు. పరీక్షలో ఆ రెండో గీతకు మార్కులు లేవు. అయినా గీయించేవారు.

ఇక దీని పుట్టుక. మద్రాసులో బేసిల్ కోక్రేన్ అనే వర్తకుడు ఎన్నూరు దాకా తవ్వించిన చిన్న కాలువ 1806 నాటికి తయారైంది. కోక్రేన్ కాలువ అనే పేరుతోనే అది చాలాకాలం నడిచింది. 1837లో ప్రభుత్వం దాన్ని తీసుకుంది. తర్వాతి దశాబ్దాల్లో ఉత్తరంగా పులికాట్ దాటి, మన తీరం వెంట ముక్క ముక్కగా పెరుగుతూ వచ్చింది. ఈలోగా 1852కు ధవళేశ్వరం ఆనకట్ట, 1855కు బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాయి. వాటి కింద తవ్విన కాలువల్లో పొలాల నీళ్లూ పడవలూ కలిసే నడవాలని సర్ ఆర్థర్ కాటన్ పట్టుబట్టాడు. రైళ్ల మీద పెట్టే డబ్బు జలమార్గాల మీద పెడితే ఈ దేశానికి ఎక్కువ మేలని ఆయన చివరిదాకా వాదించాడు. 1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా ఆ మాటే చెప్పాడు. ఆ వాదనలో ఆయన ఓడిపోయాడు.

అదే సమయంలో మద్రాసు ప్రెసిడెన్సీ ఆకలితో చచ్చిపోతోంది. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్న 1876-78 నాటి కరువు అది. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు ముందు ఎండాయి. బళ్లారి నుంచి, కర్నూలు నుంచి, తమిళ జిల్లాల నుంచి జనం పిల్లాజెల్లాతో పట్నం దారి పట్టారు. పనికి వచ్చినవాళ్లకే తిండి అన్నది అప్పటి సర్కారు పద్ధతి. రిచర్డ్ టెంపుల్ అనే అధికారి 1877 జనవరిలో కూలి ఖరారు చేశాడు. రోజంతా మట్టి తవ్వి మోసిన మగవాడికి ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, దాని మీద ఒక అణా. ఆ తిండితో మట్టిపని చేసే శరీరం నిలబడదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అభ్యంతరం చెప్పాడు. కొన్ని నెలల తర్వాత, ఎంతోమంది పోయాక, కూలి కొంత పెంచారు. నగరం మధ్యలో అడయారునూ కూవం నదినీ కలుపుతూ సుమారు 8 కిలోమీటర్ల కాలువను తవ్వింది అలా వచ్చినవాళ్లే. ఆ ముక్కతో ఉత్తర దక్షిణ భాగాలు కలిశాయి. 1878లో మొత్తం కాలువకు అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం పేరు పెట్టారు.

తవ్వినవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. ఇంజనీరుగా చాలా కొలతల పుస్తకాలు చూశాను. ఎన్ని ఘనపుటడుగుల మట్టి తీశారో వాటిలో ఉంటుంది. ఎవరు తీశారో ఉండదు. స్మారకోపన్యాసం అన్న మాట విన్నప్పుడల్లా నాకు ముందుగా ఆ కాలువే గుర్తొస్తుంది.

1899కి తీరం వెంట రైలుదారి బెజవాడనూ మద్రాసునూ కలిపింది. రైలు వచ్చాక కాలువ చచ్చిపోయిందని చాలామంది అంటారు. అది సరికాదు. రైలు వచ్చాక కూడా అరవై ఏళ్లకు పైగా పడవలు నడిచాయి. కట్టెలకూ ఉప్పుకూ గుల్లకూ తొందర ఉండదు. వాటికి కావలసింది తక్కువ ఖర్చు. తర్వాత తీరం వెంట రోడ్డు గట్టిపడి లారీలు వచ్చాయి. మద్రాసు ఇళ్లల్లోకి కిరసనాయిలు స్టవ్వులు, ఆ తర్వాత గ్యాసు వచ్చి వంటచెరకు బేరం పోయింది. ఇవన్నీ కాలువను బలహీనపరిచాయి. 1960ల నడిమి తుపానులూ, 1976 తుపానూ గట్లు తెంచి, ఇసుక మేటలు వేసి దాన్ని పడగొట్టాయి.

అయితే తుపానులు అంతకుముందు రాలేదా? వచ్చాయి. కాలువ పుట్టిన దగ్గర్నుంచీ ఏదో ఒక చోట గట్టు తెగుతూనే ఉంది. ఏరు కాలువను అడ్డంగా దాటే ప్రతిచోటా వరద తగ్గాక ఇసుక మేట మిగులుతుంది. పాత రోజుల్లో దాన్ని ఏటా మనుషులతో తీయించేవారు. తెగిన గట్టు మీద ఆ వేసవిలోనే మట్టి పడేది. కాలువ అన్నది ఒకసారి కట్టి వదిలేసే కట్టడం కాదు. ఏటా కొంత కట్టుకుంటూ ఉండాల్సింది. 1960ల తర్వాత ఆగిపోయింది ఆ ఏటేటా పని. తుపాను ఒక రాత్రి చేసిన నష్టం మరుసటి వేసవికి పూడకపోతే, దాని పక్కన ఇంకో మేట పెరుగుతుంది. రెండో వేసవికి పడవవాడు దారి మార్చుకుంటాడు. మూడో వేసవికి అంచనా వేసేవాడు ‘‘ఇక్కడ పడవలు లేవు’’ అని రాస్తాడు.

ఆ మాట రాసినవాళ్లలో నేనూ ఉన్నాను. 1980ల మొదట్లో, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఒక ఏటి దాటు దగ్గర పూడిక తీయడానికి అంచనా తయారు చేశాను. గొలుసు పట్టుకుని గట్టు వెంట నాలుగు రోజులు నడిచాను. తుమ్మముళ్లకు లాగుకాళ్లు చిరిగాయి. ఒక యానాది కుటుంబం మధ్యాహ్నం పూట నీళ్లూ ఇంత అన్నమూ పెట్టింది. కాలువలోని రొయ్యపొట్టూ చిన్న చేపలే వాళ్ల బతుకు. అంచనా పైకి వెళ్లి ఒక్క ప్రశ్నతో తిరిగొచ్చింది: ‘‘ఈ కాలువ మీద ప్రస్తుత ఆదాయమెంత?’’ నేను సున్నా అని రాశాను. అది నిజం. ఆ సున్నాతో దస్త్రం మూతపడింది. మరుసటి ఏడు ఎవరూ ఆ దాటు పేరెత్తలేదు, నేను కూడా. ఆ సున్నా సరైన జవాబేనా అన్న అనుమానం నాకు చాలా ఏళ్ల దాకా రాలేదు.

మాస్టారితో పరిచయం ఆ అనుమానం వచ్చాకే. దాని గురించి చెప్పేముందు నగరం సంగతి చెప్పాలి. అక్కడ కాలువకు జరిగినది ఇంకా కష్టంగా ఉంటుంది.

మద్రాసులో కాలువను పడవలు వదిలేసేలోగా మురుగు ఆక్రమించింది. తర్వాత నగరానికి ఎత్తు మీద నడిచే రైలు కావలసివచ్చింది. ఇళ్లు కూల్చకుండా దొరికే పొడవాటి ఖాళీ స్థలం కాలువే కాబట్టి, స్తంభాలు దానిలో దిగాయి. ఆ రైలు 1995లో చేపాక్కం దాకా, 1997లో మైలాపూరు తిరుమయిలై దాకా, 2007లో వేళచ్చేరి దాకా వచ్చింది. రైలు అవసరాన్ని నేను కాదనను. ఎంతోమంది దాని మీద పనులకు వెళ్తున్నారు. కానీ స్తంభాలూ స్టేషన్లూ దిగిన మేర కాలువ ఇరుకైంది. 2015 డిసెంబరులో నగరం మునిగినప్పుడు నీళ్లు సముద్రానికి చేరాల్సిన దారుల్లో ఇదొకటి, అప్పటికే సగం మూసుకుపోయింది. 2023 డిసెంబరులో తుపాను వానలకు నగరానికి ఉత్తరాన చమురు తెట్టు ఈ కాలువ గుండానే ఎన్నూరు కయ్యలోకి పాకి, వలలనూ పడవలనూ మడచెట్ల వేళ్లనూ నల్లగా కప్పేసింది. కయ్య మీద బతికే జాలరులకు ఆ నెల చేతిలో కూలి లేకుండా పోయింది.

పునరుద్ధరణ మాట వచ్చినప్పుడల్లా అక్కడ మొదట కదిలేవి గట్ల మీది గుడిసెలు. నాకు ఇది మింగుడుపడదు. ఆక్రమణ తొలగించకుండా కాలువ బాగుపడదు, అది ఇంజనీరుగా నాకు తెలుసు. కానీ ఆ గట్టు మీద నీడ వెతుక్కున్నవాళ్లు, ధాత కరువులో అదే గట్టు మట్టి మోసినవాళ్లూ ఒకే వరసలోని మనుషులు. వాళ్లను పనిచోటికి ఎన్నో మైళ్ల దూరంలోని కాలనీలకు పంపి, కాలువ శుభ్రమైందని బోర్డు పెడితే, 1877 నాటి లెక్కల పుస్తకంలో ఏ తప్పు జరిగిందో మనమూ అదే చేసినట్టు. పునరావాసం ముందు కావాలి, పనికి అందే దూరంలో కావాలి. దాని ఖర్చు కాలువ అంచనాలోనే మొదటి పద్దుగా ఉండాలి.

ఇక ఆ సున్నా సంగతి.

2004 డిసెంబరు 26, ఆదివారం ఉదయం సునామీ వచ్చింది. ఆ రోజు మన రాష్ట్రంలో నూరుమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ రోజు సాయంత్రం నుంచి వారం పాటు నేను తీరం వెంట తిరిగాను. చాలా చోట్ల జాలరులు ఒకటే మాట చెప్పారు: నీళ్లు కాలువ దాకా వచ్చి, కాలువలో పడి, కాలువ నిండి, మళ్లీ వెనక్కి వెళ్లిపోయాయి. మరుసటి ఏడు ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ఒక శాస్త్రజ్ఞుడు ఇదే విషయం రాశారు. పెద్దగంజాం నుంచి చెన్నై దాకా కాలువ ఆ నీటిని పట్టి, పది పదిహేను నిమిషాల్లో తిరిగి సముద్రానికి వదిలిందనీ, దాని వెనకున్న జనం బతికారనీ ఆ వ్యాసం చెప్పింది. దీన్ని పెంచి చెప్పకూడదు. ఇసుక దిబ్బలూ సరుగుడు తోపులూ కూడా తమ వంతు పని చేశాయి. తీరం అన్నిచోట్లా ఒకేలా లేదు. దివిసీమలో 1977లో వచ్చిన ఉప్పెన లాంటిది వస్తే ఏ కాలువా ఆపలేదు. ఇంత జాగ్రత్తగా చెప్పినా మిగిలేది ఉంది. 1960ల తర్వాత సర్కారు వదిలేసిన ఒక పాత కందకం, పూడిపోయి కూడా, ఒక ఆదివారం ఉదయం ఊళ్లను కాసింది. దాని ఆదాయం కాలమ్‌లో నేను సున్నా పెట్టాను.

ఆ వారంలోనే మాస్టారిని మొదటిసారి కలిశాను. ఆయన లాకు గోడ మీద కూర్చుని నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో సుద్దముక్కతో రాతి మీద గీత గీస్తున్నారు. బడిలో వాడగా మిగిలిన సుద్దముక్క. నేను పరిచయం చేసుకోగానే, కోపం లేకుండా, పాఠం అడిగినట్టు అడిగారు: ‘‘ఈ లాకు తలుపులు ఉండి ఉంటే ఈ గీత ఎక్కడుండేదండీ?’’ నా దగ్గర లెక్క లేదు. ఇప్పటికీ పూర్తి లెక్క లేదు. కానీ ఆ ప్రశ్న నుంచి మా స్నేహం మొదలైంది, పదేళ్ల పైన సాగింది.

తర్వాత జరిగినవాటిలో మంచి కూడా ఉంది. 2008 నవంబరులో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలువల వరసనూ, గోదావరి, కృష్ణ నదుల్లో కొంత మేరనూ కలిపి కేంద్రం నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించింది. మొత్తం 1,078 కిలోమీటర్లు. ఆ వార్త వచ్చిన రోజు మాస్టారు బడికి వెళ్లి పిల్లల చేత తీరరేఖ పక్కన రెండో గీత గీయించి వచ్చారు. 2016లో జాతీయ జలమార్గాల చట్టం వచ్చాక ఈ మార్గం 2,890 కిలోమీటర్లయింది. 2017 అక్టోబరులో విజయవాడ దగ్గర అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారి చేతుల మీదుగా మొదటి దశకు శంకుస్థాపన జరిగింది. ముక్త్యాల నుంచి విజయవాడ దాకా కృష్ణలో 82 కిలోమీటర్లు పూడిక తీసి, తేలే జెట్టీలు పెట్టే పని అది. ఏలూరు, కాకినాడ కాలువలు రెండో దశ. కొమ్మమూరు, బకింగ్‌హాం మూడో దశ.

ఈ వరసను నేను తప్పుపట్టను. నది వెడల్పుగా ఉంటుంది, వంతెనలు ఎత్తుగా ఉంటాయి, తగాదాలు తక్కువ. తేలికైన చోట మొదలుపెట్టడం పనితనమే. ప్రకటన వల్ల కాలువకు దక్కిన మేలు కూడా ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. జాతీయ జలమార్గం మీద కొత్త వంతెన కట్టాలంటే పడవకు కావలసిన ఎత్తూ వెడల్పూ వదలాలి, దానికి అనుమతి తీసుకోవాలి. పడవలు ఆగాక కట్టిన ఎన్నో వంతెనలు నీటికి జానెడు పైన ఉన్నాయి. అలాంటిది ఇంకొకటి చేరకుండా ఆపగలిగితే అదే ఒక రకం పునరుద్ధరణ.

కానీ మూడో దశ ఇంకా రాలేదు. రాకపోవడానికి కారణాలు గట్టివే. ఆ పాత వంతెనలు ఎత్తడానికయ్యే ఖర్చు పూడికతీతను మించుతుంది. భూమి లెక్క తేలదు. పటంలో కాలువ పోరంబోకు ఒక వెడల్పు ఉంటే, నేల మీద రొయ్యల చెరువు గట్టు ఇంకో చోట ఉంటుంది. ఎగువ కాలువల్లో రైతుకూ పడవకూ అసలే పొత్తు కుదరదు. రైతుకు కావలసింది పారే నీరు, పడవకు కావలసింది నిలిచే లోతు. కాటన్ నాటి ఆయకట్టు వేరు, ఇప్పటిది వేరు. కొమ్మమూరు చివరి భూముల రైతు వంతు నీళ్ల కోసం రాత్రుళ్లు తూము దగ్గర కాపలా పడుకుంటుంటే, అదే కాలువలో బార్జీలకు లోతు నిలబెట్టమని ఏ ఇంజనీరూ రాయలేడు, రాయకూడదు. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు కూడా. అప్పుడు పడవలు ఎక్కడికి పోవాలి?

ఇక్కడే నేను మొదట చెప్పిన తేడా పనికొస్తుంది. బకింగ్‌హాం కాలువకు రైతు నీళ్లు అక్కర్లేదు. దాని నీళ్లు రోజుకు రెండుసార్లు సముద్రం ఇస్తుంది, ధర అడగదు. జలమార్గం మొత్తాన్ని ఒకే గొలుసుగా చూసి, గొలుసు పూర్తయ్యేదాకా ఈ చివరి లంకెను ముట్టుకోకపోవడం దానికి అన్యాయం. కాకినాడ నుంచి చెన్నైకి ఎరువులూ సిమెంటూ బార్జీల్లో వెళ్లే రోజు వస్తే మంచిదే. ఆ రోజు కోసం ఎదురుచూస్తూ, ఈ లోపు చేయగలిగిన పనులను ఆపడం మంచిది కాదు.

అలాగని లోతు చేస్తే చాలు అని కూడా అనను. తలుపుల్లేకుండా లోతు చేస్తే ఉప్పునీరు పడమటికి ఇంకా పైకి పాకుతుంది. తీరం ఊళ్ల బావులు ఇప్పటికే ఉప్పెక్కాయి. లాకు తలుపులు పడవల కోసమే అనుకుంటాం. ఉప్పునూ మంచినీళ్లనూ, ఆటునూ వరదనూ వేళకు వేరు చేసేవి కూడా అవే. కాబట్టి తలుపులు ముందు, పూడికతీత తర్వాత. అంతకంటే ముందు తలుపులు తిప్పే మనిషి కావాలి. ఎన్నో నివేదికల్లో పొక్లెయిన్లు, డ్రెడ్జర్లు, టెర్మినళ్లు చూశాను. లస్కరు అన్న మాట ఏ నివేదికలోనూ కనబడలేదు.

కేరళలో కొల్లం నుంచి కొట్టపురం దాకా పడమటి తీరం కాలువ 1993లోనే మూడో జాతీయ జలమార్గమైంది. అక్కడా పూడిక ఉంది, తక్కువ ఎత్తు వంతెనలున్నాయి, ఏళ్లు పట్టింది. అయినా అది బతికే ఉంది. కారణం బార్జీలు కావని నా నమ్మకం. బడిపిల్లలూ ఉద్యోగులూ ఎక్కే ప్రభుత్వ పడవలు ఆ నీళ్ల మీద నడుస్తూనే వచ్చాయి. 2023లో కొచ్చిలో వాటర్ మెట్రో మొదలైందంటే ఆ అలవాటు మీదే మొదలైంది. రోజూ ఎక్కేవాళ్లున్న కాలువలో మేట వేస్తే మర్నాడే ఎవరో అరుస్తారు. మన కాలువకు ఆ అరిచే గొంతు 1960ల్లోనే పోయింది.

ఇంగ్లండులో కెనెట్ అండ్ ఏవన్ అని ఒక కాలువ ఉంది, సుమారు 140 కిలోమీటర్లది. 1950ల మొదట్లో దాని మీద పడవల దారి తెగింది. ప్రభుత్వం మూసేయబోయింది. 1956లో వేలమంది సంతకాలతో రాణికి అర్జీ వెళ్లింది. ఆ తర్వాత సెలవు రోజుల్లో మామూలు మనుషులు గమ్‌బూట్లు వేసుకుని బురదలోకి దిగారు. ఒక్కో లాకే బాగుచేసుకుంటూ వచ్చారు. కేన్ హిల్ అనే చోట వరసగా 29 లాకులున్నాయి. 1990 ఆగస్టులో రాణి వచ్చి మళ్లీ తెరిచింది. దాదాపు నలభై ఏళ్లు. మొదట బురదలో దిగినవాళ్లలో కొందరు ఆ రోజు చూడటానికి లేరు. ఆ దేశపు డబ్బూ తీరికా మనకు లేవు, నిజమే. కానీ వాళ్లు మొత్తం గొలుసు కోసం ఆగలేదు. ఎక్కడికక్కడ ఒక లాకు పట్టుకున్నారు.

మాస్టారి ఆలోచన కూడా అదే. చివరి రోజుల్లో మంచం మీద ఉండి నా చేత కాగితం రాయించారు. కాలువ అంతా వద్దు. మన లాకు, దానికి ఎగువ దిగువల్లో మొదటి ఏటి దాటులు, ఆ మధ్య ముక్క చాలు. ముందు సర్వే రాళ్లు పాతాలి. యానాదులు, జాలరులు, చెరువుల రైతులు ఉన్నచోటే కూర్చుని హద్దు ఒప్పుకోవాలి. తలుపులు పెట్టాలి. జీతం మీద ఒక లస్కరును వేయాలి, ఆ ఉద్యోగం యానాది కుర్రాడికే ఇవ్వాలి, ఎందుకంటే నీటి వేళలు వాళ్లకు తెలిసినట్టు ఎవరికీ తెలియవు. ఆదాయం కాలమ్ దగ్గర నేను ఆగాను. ఆయన కళ్లు మూసుకునే చెప్పారు: ‘‘పట్టిన చేపలు రాయండి. ఉప్పెక్కని బావులు రాయండి. మునగని ఇళ్లు రాయండి. లెక్క మీకు తెలుసుగా.’’ ఆ లెక్క ఇప్పుడు వేస్తున్నాను. మూడు బావుల నీళ్లు నెలనెలా కొలిపిస్తున్నాను. మన బడి పిల్లలే కొలుస్తున్నారు, పుస్తకం హెడ్మాస్టరు గారి బీరువాలో ఉంది. కాగితం రెండుసార్లు పైకి వెళ్లింది. ఒకసారి తిరిగొచ్చింది. రెండోసారి వెళ్లినది ఇంకా పైనే ఉంది.

ఒక్క పని మాత్రం జరిగింది. మొన్న వేసవిలో మన ఊరి ఉపాధి హామీ కూలీలు లాకు చుట్టూ సర్కారు తుమ్మ కొట్టి, గోడల మీది మట్టి తీశారు. ఆ పథకం 2006 ఫిబ్రవరిలో మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. ధాత కరువు ఎండగట్టిన సీమ అది. పని అడిగినవాడికి పని హక్కు, చేసిన పనికి పేరు రాసిన మస్టరు. ఆ మస్టరు నకలు తీసి దాచాను. నలభై రెండు పేర్లు, వాటిలో ఇరవై తొమ్మిది ఆడవాళ్లవి. ఈ ఉపన్యాసం అచ్చు వేసేటప్పుడు వాళ్లు ఒప్పుకుంటే ఆ పేర్లు చివరి పేజీలో వేయమని నిర్వాహకుల్ని కోరాను.

మట్టి తీశాక రాతిగోడ మీద మర తల బయటపడింది. పోయిన నెల ఈ పిడిని సంచీలో వేసుకుని అక్కడికి వెళ్లాను. మాస్టారి మనవడు తోడొచ్చాడు. తుప్పు గీకి, కొబ్బరినూనె పోసి, పిడిని తగిలించాం. నాలుగు పక్కలా సరిగ్గా పట్టింది. ఇద్దరం కలిసి తిప్పాం. కదల్లేదు. ఇంకాస్త నూనె పోసి, గోనెపట్టా కప్పి వచ్చాం. ఈ ఆదివారం ఉదయం మళ్లీ వెళ్తున్నాం. పోటు ఆరున్నరకు.